కోపం కన్నా ముందు ఏముందో చూడండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు కోపం గురించే ఉన్నాయి. ఎండలు, పరీక్షల ఫలితాలు, నీళ్ల ట్యాంకర్ల గొడవలు అన్నీ ఒకేసారి మీద పడే రోజులు కాబట్టి ఆశ్చర్యమేమీ లేదు. పేర్లు తీసేసి పేటల పేర్లు మాత్రం ఉంచాను, ఉత్తరాలు బాగా కుదించాను. అన్నిటికీ కలిపి ఒకే జవాబు రాస్తే సరిపోతుంది కదా అని పత్రికలో ఒకరన్నారు గానీ నాకు మనసొప్పలేదు. అలసిపోయి ఇంటికొచ్చి పిల్లాడి మీద అరిచే తండ్రి కోపమూ, ఏళ్ల తరబడి మాటలు పడుతున్న ఇల్లాలి కోపమూ ఒకటి కాదు, ఇద్దరికీ ఒకే మాట చెప్తే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది.

ప్రశ్న: గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరేసరికి తల పగిలిపోతూ ఉంటుంది. రెండో తరగతి చదివే మా బాబు హోంవర్క్ ముందేసుకుని నాకోసం కూర్చుని ఉంటాడు. ఒక లెక్క రెండుసార్లు చెప్పినా రాకపోతే అరిచేస్తాను, మొన్న పుస్తకం విసిరికొట్టాను. వాడు నిద్రపోయాక పక్కన కూర్చుని ఏడుస్తాను. భగవద్గీతలో కోపం గురించిన శ్లోకాలు నాకు నోటికి వచ్చు, ఆ టైమ్‌లో మాత్రం ఒక్కటీ పనికి రావడం లేదు. ఏం చెయ్యాలి?
— ఒక తండ్రి, నిజాంపేట

జవాబు: ఆ టైమ్‌లో గుర్తు రాదనే కదండీ కృష్ణుడు చెప్పింది! రెండో అధ్యాయం 63వ శ్లోకం మీకు వచ్చే ఉంటుంది: "క్రోధాద్భవతి సమ్మోహః సమ్మోహాత్ స్మృతివిభ్రమః". కోపం వస్తే మనసు కమ్ముకుపోతుంది, కమ్ముకుపోయిన మనసుకు నేర్చుకున్నదేదీ గుర్తుండదు, అది పోతే బుద్ధి పోతుంది, బుద్ధి పోతే మనిషే చెడిపోతాడు. పుస్తకం చేతిలోంచి వెళ్లిపోయిన ఆ క్షణంలో మీరున్నది ఈ వరస చివర్లో, అక్కడ నిలబడి శ్లోకం వెతుక్కుంటే దొరకదు. మీకు పనికొచ్చేది దానికి ముందున్న 62వ శ్లోకంలో ఉంది. దేన్ని గురించి అదే పనిగా తలుచుకుంటూ ఉంటామో దాని మీద మనసు అతుక్కుంటుంది, అతుక్కున్న చోట కోరిక పుడుతుంది, కోరికలోంచి కోపం పుడుతుంది. ఆ కోరికకు ఏదైనా అడ్డం తగిలినప్పుడు అది కోపమవుతుందని శంకరాచార్యులు భాష్యంలో విడమరిచి చెప్పారు కూడా.

ఇప్పుడు మీ సాయంత్రం సంగతి చూద్దాం. ఆఫీసులో ఎవరో ఒక మాట అన్నారు, దాన్ని బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నంతసేపూ తలుచుకుంటూ వచ్చారు, కాస్త ముందుకొచ్చాక మళ్లీ తలుచుకున్నారు, జేఎన్‌టీయూ దాటేసరికి మీకు కావలసింది ఒక్కటే, ఇంటికెళ్లి ఎవరూ ఏమీ అడగకుండా కాసేపు ఉండటం. తప్పేముంది అందులో, అలిసిన మనిషికి ఆ మాత్రం కావాలనిపిస్తుంది. కానీ తలుపు తీయగానే మీకు కావలసినదానికి అడ్డంగా కూర్చుని ఉన్నది ఏడేళ్ల పిల్లాడు. లెక్క రాకపోవడం మీ కోపానికి కారణం కానే కాదు, అది ఆ కోపానికి దొరికిన చోటు, అంతే. అడిగినా, అరిచినా, విసిరినా తిరిగి ఏమీ అనలేనివాడు కాబట్టి వాడి మీదికి వెళ్లింది. మీ మేనేజర్ మీదికి ఎందుకు వెళ్లలేదో ఒకసారి ఆలోచించండి, మీకే తెలుస్తుంది. ఆఫీసులో మీరు కోపాన్ని ఆపుకోగలుగుతున్నారు. అంటే ఆపుకునే శక్తి మీలో ఉంది.

భాగవతం ప్రథమ స్కంధంలో పరీక్షిత్తు కథ ఉంది కదా. ధర్మాత్ముడైన రాజు, అర్జునుడి మనవడు, వేటలో తిరిగి తిరిగి ఆకలితో, దాహంతో శమీక మహర్షి ఆశ్రమానికి వెళ్లాడు. నీళ్లు అడిగాడు. ధ్యానంలో ఉన్న ముని పలకలేదు. అంతే, చచ్చిన పాముని తెచ్చి ఆయన మెడలో వేసి వెళ్లిపోయాడు. అంతకు ముందెప్పుడూ అలాంటి పని చేసినవాడు కాదు. ఆ ఆకలి, ఆ దాహం, 'రాజునైన నన్ను పట్టించుకోలేదు' అన్న ఆ బాధ, ఇవి మూడూ కలిస్తే పరీక్షిత్తుకే కాలు జారింది. మన పూర్వులు ఇలాంటి వివరాలు ఊరికే రాయలేదు. అందుకే మీకు నేను చెప్పేది చాలా మామూలు విషయం: ఇంటికి రాగానే పుస్తకం ముట్టుకోకండి. స్నానం చేయండి, అన్నం తినండి. హోంవర్క్ మీరొచ్చే లోపే ఇంట్లో ఇంకొకరు చేయించగలిగితే మంచిది, లేదంటే పొద్దున్నే లేపి చేయించండి, అదీ కుదరకపోతే చేయకుండానే బడికి పంపండి. రెండో తరగతి లెక్క ఒకటి తప్పితే ఏ కొంపా మునగదు.

గొంతు పెరుగుతోందని తెలిసిన వెంటనే లేచి బాల్కనీలోకి వెళ్లిపోండి. కామక్రోధాల వేగాన్ని ఈ శరీరం ఉండగానే తట్టుకోగలిగినవాడే యోగి, వాడే సుఖపడతాడు అని ఐదో అధ్యాయంలో చెప్పాడు కృష్ణుడు. తట్టుకోవాలన్నాడు, అసలు రాకూడదనలేదు. ఆ వేగం కాసేపే ఉంటుంది, అంతవరకూ పిల్లాడికి దూరంగా ఉంటే చాలు.

ఇంకొకటి. నిద్రపోయిన పిల్లాడి పక్కన మీరు ఏడ్చే ఏడుపు వాడికి చేరదు. మెలకువగా ఉన్నప్పుడు దగ్గర కూర్చోబెట్టుకుని "నిన్న నాన్న పుస్తకం విసిరేశాడు, అది నాన్న తప్పు, నీది కాదు" అని చెప్పండి. చెప్పకపోతే తప్పు తనదే అనుకుంటాడు, పిల్లలు అలాగే అనుకుంటారు.

ప్రశ్న: పెళ్లయి పదకొండేళ్లు. మా ఆయన నలుగురిలో నన్ను తీసిపారేసినట్టు మాట్లాడతారు. మా పుట్టింటివాళ్ల ముందు కూడా అంతే. ఏమన్నా అంటే మా అత్తగారు "సీతమ్మ ఓర్చుకోలేదా, ద్రౌపది ఓర్చుకోలేదా, ఆడదానికి ఓర్పే అందం" అంటారు. నేను పైకి ఏమీ అనను, లోపల మాత్రం మండిపోతూ ఉంటుంది, రాత్రుళ్లు నిద్ర పట్టదు. కోపం రావడమే పాపమా?
— ఒక పాఠకురాలు, మెట్టుగూడ

జవాబు: ద్రౌపది ఓర్చుకుందని ఎవరు చెప్పారమ్మా మీ అత్తగారికి? భారతం తీసి అరణ్యపర్వం చదివితే చాలు. అడవిలో ధర్మరాజు ఎదురుగా కూర్చుని ద్రౌపది నిలదీసింది, నన్నిలా చూస్తూ, నీ తమ్ముళ్లను ఇలా చూస్తూ నీకు కోపం ఎలా రావడం లేదని. అక్కడితో ఆగకుండా ప్రహ్లాదుడు తన మనవడు బలికి చెప్పిన మాటలు వినిపించింది: "న శ్రేయః సతతం తేజో న నిత్యం శ్రేయసీ క్షమా". ఎప్పుడూ కోపంగా ఉండటం మంచిది కాదు, ఎప్పుడూ ఓర్చుకోవడమూ మంచిది కాదు. చెప్పింది ఎవరనుకున్నారు, తండ్రి పెట్టిన బాధలన్నీ పడిన ప్రహ్లాదుడు! ఎప్పుడూ ఓర్చుకునేవాణ్ని ఇంట్లోవాళ్లూ పనివాళ్లూ కూడా లెక్కచేయరు, నోటికొచ్చినట్టు మాట్లాడతారు అని ఆయన వివరంగా చెప్పాడు. ఎవరిని క్షమించాలో కూడా చెప్పాడు. ఇదివరకు మేలు చేసినవాణ్ని, తెలియక చేసినవాణ్ని, మొదటిసారి తప్పు చేసినవాణ్ని క్షమించమన్నాడు. తెలిసీ చేసి, తెలియక చేశానని బుకాయించేవాణ్ని ఊరికే వదలొద్దన్నాడు.

దీనికి ధర్మరాజు ఒప్పుకోలేదు, క్షమ ఎంత గొప్పదో ఆయనా చాలాసేపు చెప్పాడు, అదీ చదవాల్సిందే. కానీ గమనించండి, కోపం గురించి మాట్లాడినందుకు ద్రౌపది నోరు ఆయన మూయించలేదు, ఆమె చెప్పిందంతా విని అప్పుడు జవాబు చెప్పాడు. మీ ఇంట్లో జరగనిది అదే కదా.

సీతమ్మ సంగతి కూడా చెప్తాను. నిన్ను అడవికి తీసుకెళ్లనని రాముడంటే ఆవిడ తల వంచుకుని ఊరుకోలేదు. మగవాడి ఆకారంలో ఉన్న ఆడదాన్ని మా నాన్న అల్లుడిగా తెచ్చుకున్నాడా అని అయోధ్యకాండలో మొహం మీదే అనేసింది. రావణుడితో మాట్లాడేటప్పుడు మధ్యలో గడ్డిపోచ పెట్టి మాట్లాడింది, అంత తిరస్కారం. మన ఆడపిల్లలకు ఈ భాగాలు ఎందుకు చెప్పరో నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

మీ కోపానికి ముందు ఏముందో చూస్తే, గౌరవం కావాలన్న కోరిక కనిపిస్తుంది. అది న్యాయమైన కోరిక, దాన్ని చంపుకోమని ఏ శాస్త్రమూ అనలేదు. అయితే దాన్ని లోపలే పెట్టుకుని రాత్రంతా తలుచుకుంటూ ఉంటే 62వ శ్లోకంలో చెప్పిన వరస మీలోనూ మొదలవుతుంది, ఆయన హాయిగా గుర్రుపెట్టి నిద్రపోతుంటే కాలిపోయేది మీరు. కాబట్టి మాట్లాడండి. ఎప్పుడు? ఆయన అన్న వెంటనే కాదు, మరుసటి రోజు, ఇద్దరే ఉన్నప్పుడు. పదకొండేళ్ల లెక్కలన్నీ తీయకుండా ఒక్క సందర్భం తీసుకుని "మొన్న మా అన్నయ్య ముందు ఆ మాట అన్నారు, అది నాకు అవమానంగా ఉంది, ఇంకోసారి అంటే నేను అక్కడి నుంచి లేచి వెళ్లిపోతాను" అని నెమ్మదిగా చెప్పండి. ఎదుటివాళ్లను రెచ్చగొట్టనిదీ, నిజమైనదీ, మేలు చేసేదీ అయిన మాటను గీత పదిహేడో అధ్యాయంలో తపస్సు అన్నారు. నిజం అన్న ముక్క వదిలేసి మెత్తదనం ఒక్కటే పట్టుకుంటే అది తపస్సు కాదు. చెప్పినట్టే ఒకసారి లేచి వెళ్లండి కూడా.

ఆయన చెయ్యి చేసుకునే మనిషైతే ఈ సలహాలేవీ సరిపోవు, మీ పుట్టింటివాళ్లకు చెప్పండి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. 2005 గృహహింస చట్టంలో కొట్టడమే కాదు, మాటలతో హింసించడం, అవమానించడం కూడా హింస కిందికే వస్తాయి. సాయం అడిగినంత మాత్రాన మీ ధర్మం ఎక్కడికీ పోదు.

ప్రశ్న: రిటైరై ఇంట్లో ఉంటున్నాను. రోజూ సుందరకాండ పారాయణ చేస్తాను. కానీ పారాయణ మధ్యలో ఎవరైనా టీవీ పెట్టినా, మిక్సీ వేసినా కోపం ముంచుకొస్తుంది. "ఈయన పూజ అయ్యేదాకా మనకు గండమే" అని కోడలు ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే విన్నాను. ఇన్నాళ్ల పారాయణ ఏమైపోయినట్టు?
— ఒక పెద్దాయన, నల్లకుంట

జవాబు: మీరడిగినదానికి జవాబు మీరు రోజూ చదివే పుస్తకంలోనే ఉందండీ, 55వ సర్గలో. హనుమంతుడు లంకంతా తగలబెట్టి, తోకకున్న మంట సముద్రంలో ఆర్పుకుని, వెనక్కి తిరిగి చూసుకుని ఉలిక్కిపడతాడు. ఊరంతా కాల్చాను కదా, మరి సీతమ్మ? ఎవరికోసం వచ్చానో ఆమే ఆ మంటల్లో ఉంటే? అప్పుడు ఆయన తనను తాను తిట్టుకున్నట్టు ఎవరూ తిట్టుకుని ఉండరు. కోపం వచ్చినవాడు ఏ పాపమైనా చేస్తాడు, గురువులనైనా చంపుతాడు, మంచివాళ్లనూ పరుషంగా మాట్లాడతాడు, కోపంలో ఉన్నవాడికి చేయకూడని పనీ అనకూడని మాటా అంటూ ఉండవు అని వరసగా శ్లోకాలున్నాయి అక్కడ. మండుతున్న నిప్పును నీళ్లతో ఆర్పినట్టు పైకి లేచిన కోపాన్ని బుద్ధితో ఆపుకునేవాళ్లే ధన్యులని అంటాడు. పాము కుబుసం విడిచినట్టు కోపాన్ని ఓర్పుతో విడిచిపెట్టేవాడే పురుషుడని కూడా అంటాడు. చివరికి సీతమ్మకు ఏమీ కాలేదని చారణులనే దేవగాయకుల మాటల వల్ల తెలిసి ఊపిరి పీల్చుకుంటాడు.

ఇంద్రియాలను జయించినవాడని మనం రోజూ ధ్యాన శ్లోకంలో పొగిడే హనుమంతుడే తన కోపాన్ని చూసుకుని అంత భయపడ్డాడు. ఆ సర్గను ఈసారి ఫలం కోసం కాకుండా మీకే ఎవరో ఉత్తరం రాసినట్టు చదవండి. మిగతా సర్గలు ఆ రోజుకు ఆగినా పర్వాలేదు.

భారతంలో కౌశికుడనే బ్రాహ్మణుడి కథ మీకు తెలియంది కాదు. చెట్టు కింద వేదం చదువుకుంటుంటే కొంగ రెట్ట వేసింది, కోపంగా చూశాడు, అది చచ్చి పడింది. తర్వాత భిక్షకు వెళ్తే ఆ ఇల్లాలు ఆకలితో వచ్చిన భర్తకు అన్నం పెట్టి కాస్త ఆలస్యంగా బయటికొచ్చింది. మళ్లీ కళ్లెర్ర చేశాడు. "నేను కొంగను కాను స్వామీ" అంది ఆవిడ. శరీరంలోనే ఉండే శత్రువు కోపం, దాన్ని వదిలినవాణ్నే దేవతలు బ్రాహ్మణుడంటారని కూడా చెప్పి, ధర్మం నేర్చుకోవాలంటే మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరకు వెళ్లమంది. కౌశికుడి గొప్పతనం ఏంటంటే, వెళ్లాడు.

మీ కోడలి మాట చెవినపడి మీకు బాధ కలిగింది నిజమే. ఆ ఇల్లాలి మాటలాగే తీసుకోవచ్చు దాన్ని కూడా. ఆ అమ్మాయి మిక్సీ వేసేది పొద్దున్నే బాక్సులు కట్టి, పిల్లల్ని బస్సెక్కించి, తనూ ఆఫీసుకి పరుగెత్తడానికి అయి ఉంటుంది. ఆమె చేసేది కూడా పారాయణతో సమానమైన పనే అని నేను నమ్ముతాను. మీ టైమ్ మార్చుకోండి, అందరూ వెళ్లిపోయాక పదింటికి కూర్చోండి. లేదా నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిర్‌కు వెళ్లండి. 1976లో ప్రతిష్ఠ జరిగిన ఆ గుడిలో ధ్యానానికి ఇబ్బంది కాకూడదని గంటలు కూడా పెట్టలేదు. కానీ నా ఆశ ఏంటంటే, కొన్నాళ్లకు మిక్సీ శబ్దంలోనే మీ శ్లోకం సాగిపోవాలని.

ప్రశ్న: నరసింహస్వామికి కోపం, శివుడికి కోపం, దుర్వాసుడి సంగతి సరే సరి. దేవుళ్లకే కోపం ఉంటే మనల్ని మాత్రం వద్దంటారెందుకు?
— డిగ్రీ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మంచి ప్రశ్న తల్లీ. శ్రీరుద్రం మొదలయ్యేదే రుద్రుడి కోపానికి నమస్కారం చేస్తూ, "నమస్తే రుద్ర మన్యవే" అని. కోపాన్ని మన పెద్దలు లేదని నటించలేదు. వాల్మీకి నారదుణ్ని అడిగిన ప్రశ్నలు చూడు, కోపాన్ని జయించినవాడెవడు, యుద్ధంలో కోపమొస్తే దేవతలు కూడా ఎవరికి భయపడతారు, రెండూ ఒకే శ్లోకంలో అడిగాడు, రెండిటికీ జవాబు ఒక్క రాముడే. సముద్రం మీద ఆయన కోపగించుకున్నది మూడు రాత్రులు దర్భల మీద పడుకుని ప్రార్థించాక. అడిగి, ఎదురుచూసి, ఇక వేరే దారి లేనప్పుడు. మనకు మెట్రోలో ఎవరైనా కాలు తొక్కితే మూడు క్షణాలు కూడా పట్టదు కదా!

యాదగిరిగుట్ట ఎప్పుడైనా వెళ్లావా? హిరణ్యకశిపుణ్ని చంపాక నరసింహస్వామి దగ్గరకు వెళ్లడానికి లక్ష్మీదేవి కూడా భయపడిందని భాగవతం ఏడో స్కంధంలో ఉంది. బ్రహ్మ ప్రహ్లాదుణ్ని పంపాడు, స్వామి ఆ పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టాడు. ఆ కోపం ఎవరికోసం వచ్చిందో వాడు దగ్గరకు రాగానే చల్లారింది. మన కోపం అలా ఇంకొకరిని కాపాడటానికి వస్తోందా, మన మాట నెగ్గలేదని వస్తోందా? దుర్వాసుడి కోపం ఎలా అయిందో అంబరీషుడి కథలో చదువు, ఆయనే పరుగెత్తాల్సి వచ్చింది.

ప్రశ్న: బీటెక్ అయిపోయింది, ఇంకా ఉద్యోగం రాలేదు. నాన్నకు చిన్న కిరాణా కొట్టు ఉంది. నాలుగు నెలల కింద "నీ ఫ్రెండ్సందరికీ వచ్చాయి, నీకు పెట్టిందంతా దండగ" అన్నారు. నేను ఊరుకోలేక "నువ్వు జీవితంలో ఏం సాధించావని నాకు చెప్తున్నావ్" అనేశాను. ఎప్పుడూ మీరు అనే పిలిచేవాణ్ని. అప్పటి నుంచి మాటల్లేవు. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.
— ఘట్‌కేసర్

జవాబు: తమ్ముడూ, కర్ణపర్వంలో అచ్చం ఇలాంటిదే ఒకటి జరిగింది. కర్ణుడి చేతిలో బాగా దెబ్బలు తిని, అవమానపడి ధర్మరాజు శిబిరానికి వచ్చి పడుకున్నాడు. అన్నయ్య ఎలా ఉన్నాడో అని అర్జునుడూ కృష్ణుడూ చూడటానికి వచ్చారు. కర్ణుణ్ని చంపేసి వచ్చారేమోనని ఆయన ఆశపడ్డాడు, ఇంకా లేదని తెలిసేసరికి నీ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్ అని నానా మాటలూ అన్నాడు. ఎప్పుడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని ధర్మరాజు! గాండీవం ఇచ్చెయ్ అన్నవాణ్ని చంపుతానని అర్జునుడికి ఒట్టు ఉంది, కత్తి దూశాడు. కృష్ణుడు ఆపి, పెద్దవాణ్ని నువ్వు అని ఏకవచనంలో పిలిచి నిందిస్తే చంపినట్టే, అలా చేసి నీ ఒట్టు తీర్చుకో అన్నాడు. అర్జునుడు అలాగే అన్నాడు, అన్నాక భరించలేక తనను తానే చంపుకోబోయాడు, అప్పుడూ కృష్ణుడే ఆపాడు. మనసు విరిగిన ధర్మరాజు అడవికి పోతానని లేచాడు. కృష్ణుడు ఆయన కాళ్లు పట్టుకుని సర్దిచెప్పాడు. ఆఖరికి అన్నదమ్ములిద్దరూ పట్టుకుని ఏడ్చారు.

నువ్వన్న మాట చిన్నదేమీ కాదు, అది నీకూ తెలుసు, అందుకే ఏకవచనం సంగతి ప్రత్యేకంగా రాశావు. కానీ ధర్మరాజు నోట ఆ మాటలెందుకొచ్చాయో చూడు. గాయాలు, భయం, అవమానం. మీ నాన్నగారి నోట దండగ అన్న మాట వెనక కూడా ఫీజులకు చేసిన అప్పు ఉండొచ్చు, కొట్టుకొచ్చేవాళ్లు మీవాడికి ఇంకా రాలేదా అని అడగడం ఉండొచ్చు, తన తర్వాత నీ గతేంటన్న భయం ఉండొచ్చు. నీ మాట వెనకా అంతే, ఉద్యోగం రాలేదన్న సిగ్గు నీకు ముందే ఉంది, ఆయన దాని మీదే వేలు పెట్టారు. దెబ్బ మీద దెబ్బ తగిలితే ఎవరైనా అరుస్తారు, ఇద్దరూ అరిచారు.

పొద్దున్నే కొట్టు తెరిచే టైమ్‌కు వెళ్లి షట్టర్ ఎత్తు, బస్తాలు సర్దు. బేరాలు తగ్గాక "నాన్నా, ఆ రోజు నేనలా అనకూడదు, మిమ్మల్ని బాధపెట్టాను" అను. దాని తర్వాత "కానీ మీరు కూడా" అని మాత్రం మొదలుపెట్టకు, అది ఇంకో రోజుకు ఉంచు. ఆయన పలక్కపోవచ్చు, ఏదో ఒకటి అనొచ్చు కూడా, అయినా మర్నాడు మళ్లీ వెళ్లు. భారతంలో ఇద్దరి మధ్యా ఒకరు నిలబడాల్సి వచ్చింది, మీ ఇంట్లో ఆ పని అమ్మగారో మేనమామో చేయగలిగితే సిగ్గుపడకుండా అడుగు.

ప్రశ్న: ఉప్పల్ రింగ్‌రోడ్డులో రాంగ్‌రూట్‌లో ఎదురొచ్చి మన మీదే హారన్ కొట్టేవాళ్లను చూస్తే కొట్టాలనిపిస్తుంది. దీనికేమైనా చెప్తారా?
— బోడుప్పల్

జవాబు: ఎవరితో స్నేహంగా ఉండాలి, ఎవరి మీద జాలి పడాలి, ఎవరిని చూసి సంతోషించాలి అని చెప్పిన పతంజలి, తప్పు చేసేవాళ్ల దగ్గరకు వచ్చేసరికి ఉపేక్ష అన్నాడు, యోగసూత్రాల మొదటి పాదంలో. వాణ్ని మార్చే పని ట్రాఫిక్ పోలీసులది, మీ పని క్షేమంగా ఇల్లు చేరడం. బండి దిగకండి.

ప్రశ్న: మా తమ్ముడికి పట్టలేని కోపం, సామాన్లు పగలగొడతాడు, తర్వాత రోజంతా ముడుచుకుని పడుకుంటాడు. డాక్టర్‌కు చూపిద్దామంటే "ఎర్రగడ్డకు తీసుకెళ్తారా" అని ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు, నరసింహ మంత్రం జపించమంటున్నారు. జపం చేస్తూ మందులు వాడకూడదా?
— ఒక అక్క, సనత్‌నగర్

జవాబు: తప్పకుండా వాడొచ్చు, ముందు చూపించండి. కోపాన్ని శాస్త్రంగా చూసిన మొదటివాళ్లలో మన వైద్యులే ఉన్నారు. చరకసంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయంలో ఆకలి, దాహం, నిద్ర లాంటి వేగాలను ఆపుకోకూడదని చెప్పి, లోభం, శోకం, భయం, కోపం లాంటి వేగాలను ఆపుకోవాలని విడిగా చెప్పారు. మనసుకు వచ్చే జబ్బులకు జ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి మందులని అదే గ్రంథంలో ఉంది. మనసుకు కూడా జబ్బు చేస్తుందనీ, దానికి చికిత్స ఉంటుందనీ వాళ్లు అప్పుడే ఒప్పుకున్నారు కదా, మనమెందుకు ఒప్పుకోకూడదు?

సంధ్యావందనంలో రోజూ పొద్దున సూర్యుణ్నీ సాయంత్రం అగ్నినీ కోపం వల్ల చేసిన పాపాల నుంచి కాపాడమని అడిగే మంత్రం ఉంది. మీ ఇంట్లో ఎవరైనా చేస్తుంటే దాన్నే గుర్తు చేయండి, రోజూ అడగాల్సినంత కష్టమైనది కాబట్టే అది రోజువారీ ప్రార్థనలో ఉంది. మంత్రం మానమని చెప్పకండి, పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకండి, పొద్దున జపం చేయించి పదింటికి ఓపీకి తీసుకెళ్లండి. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ పేరు ఈ ఊళ్లో తిట్టులా వాడటం నాకు చాలా బాధ కలిగించే విషయం. అక్కడ ప్రభుత్వ వైద్యులున్నారు, ఎందరికో నయం చేసిన చోటు అది. అక్కడికి వెళ్లడానికి ముందు మాట్లాడి చూద్దామంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. సామాన్లు పగిలే రోజున ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లను వేరే గదిలోకి పంపండి, ఆ టైమ్‌లో తమ్ముడితో తర్కం పెట్టుకోకండి. తర్వాత రోజంతా ముడుచుకుని పడుకుంటున్నాడని రాశారు చూడండి, డాక్టర్‌తో కోపం కన్నా ముందు ఆ సంగతి చెప్పండి.